నల్లపట్టీ కింద పేరు

ఆ లా కాలేజీలో ఆవిడను అందరూ 'మరోసారి మేడమ్' అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఏ కాగితం చూపించినా ఆసాంతం చదివి, సరిగ్గానే ఉందని ఒప్పుకుని, "మరోసారి చూసుకుని తీసుకురండి" అని వెనక్కిచ్చేది. సెలవు చీటీకీ అదే మాట, పరిశోధన పత్రానికీ అదే మాట. ఇంటికి తాళం వేసి మూడు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి తాళం లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్లాక స్టవ్ కట్టేశానా అని భర్తను అడిగే మనిషి. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. "కట్టేశావు. కట్టేశావా లేదా అని రెండుసార్లు చూశావు కూడా. నడు" అనేవాడు. పాతికేళ్ల కాపురంలో ఆయన ఎక్కువసార్లు పలికిన మాట బహుశా అదే.

పుట్టుకతోనే పిరికిది అనుకుంటే పొరపాటు. చిన్నప్పుడు గోడలు దూకిన పిల్లే. భయం ఆవిడకు ఉద్యోగంతో పాటు వచ్చింది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక దినపత్రికలో ఆటల పేజీకి ప్రూఫులు దిద్దేది. ఒకరోజు ఒక గోల్‌కీపర్ డబ్బు తీసుకుని మ్యాచ్ వదిలేశాడని వార్త వచ్చింది. ఆ పేరుతోనే ఇంకో గోల్‌కీపర్ ఉన్నాడు, వేరే జట్టులో. పేజీలో పడింది ఆ రెండోవాడి ఫొటో. ప్రూఫులో ఆవిడ అక్షరాలన్నీ చూసింది, ముఖం చూడలేదు. మర్నాడు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేసి, అయిపోయిందనుకున్నారు ఆఫీసులో. నాలుగో రోజున ఆ మనిషే వచ్చాడు. అరవలేదు, కేసు వేస్తాననలేదు. ఆవిడ బల్ల ముందు నిలబడి, "బడిలో మా పాపను దొంగ కూతురు అంటున్నారమ్మా. మీరు వేసిన ఆ రెండు లైన్లు వాళ్లెవరూ చదవలేదు" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆవిడ గుండెలో ఒక గుబులు కాపురం పెట్టింది. పగలు పత్రిక, సాయంత్రం లా కాలేజీ. పట్టా చేతికొచ్చాక పత్రిక వదిలేసి పాఠాలు చెప్పడానికి వచ్చింది. ఆటలు, మీడియా, రెంటికీ కలిపి ఒక చట్టం పేపరు పెడదామని అడిగితే అప్పటి ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆటలకు చట్టమెందుకమ్మా, అంపైరు ఉన్నాడుగా" అన్నాడు. స్టాఫ్ రూములో సరేసరి, దాన్ని 'ఆటలో అరటిపండు సబ్జెక్టు' అన్నారు. మొదటి ఏడాది ఏడుగురు చేరారు. అందులో ముగ్గురు ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని చేరినవాళ్లు. ఇరవై రెండేళ్లు గడిచేసరికి ఒక్క సాయంత్రం బ్యాచీలోనే యాభై ఎనిమిది మంది. ఆటగాళ్ల ఒప్పందాలు, ప్రసార హక్కులు, పరువు నష్టం, మందుల పరీక్షల విచారణలు, ఏది చెప్పినా ఊకదంపుడు ఉండేది కాదు. నిజంగా జరిగిన కేసుల కాగితాలు తెచ్చి, పేర్లు కనపడకుండా చేసి, పిల్లల చేతుల్లో పెట్టేది.

ఆ పేర్లు దాచడం ఒక తంతు. ముందు లావుపాటి నల్ల మార్కరుతో పేరు మీద రుద్దేది. దానికి జిరాక్స్ తీయించేది. ఆ జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్. ఆ రెండోదాన్ని కిటికీ దగ్గర వెలుగుకు అడ్డంగా పట్టుకుని, అక్షరం నీడ కూడా కనపడదని తేలాకే క్లాసుకు తీసుకెళ్లేది. జిరాక్స్ షాపతను, "మేడమ్, మా మిషన్లో టోనరంతా మీ నలుపుకే పోతోంది" అని మొత్తుకునేవాడు.

ఇక అసలు సంగతికొద్దాం. మూడేళ్ల కిందట అథ్లెటిక్స్ సంఘంవాళ్లు ఒక విచారణకు ఆవిడను అధ్యక్షురాలిగా వేశారు. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే అమ్మాయి, అప్పటికి పంతొమ్మిదేళ్లు. పరీక్షలో నిషేధించిన మందు బయటపడింది. తీరా తవ్వితే, అయిదు రోజుల ముందు బస్సు తగిలి పడిపోయి, స్పృహ లేని వేళ ఆస్పత్రిలో ఎక్కించిన మందు అది. పిల్ల తప్పు ఆవగింజంత కూడా లేదు. అలాగే తీర్పు రాసింది. నిర్దోషి గనక పేరు ఎక్కడా రాకూడదని కూడా రాసింది. ఆ రోజు అమ్మాయి తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"నా పేరు బయటికి రాదు కదా మేడమ్? మందు దొరికిందన్న మాటే అందరికీ గుర్తుంటుంది. ఎందుకు దొరికిందో ఎవరూ అడగరు."

"రాదమ్మా. నాది పూచీ" అంది ఆవిడ.

అంత సులువుగా ఎవరికీ మాటివ్వని మనిషి ఆ రోజు ఇచ్చేసింది. గోల్‌కీపరు కళ్ల ముందు మెదిలాడేమో మరి.

పేర్లు దాచి పాఠానికి వాడుకోవచ్చని సంఘమే అనుమతిచ్చింది. రెండేళ్లు తన పద్ధతిలోనే, మార్కరూ జిరాక్సులూ పెట్టి, ఆ కేసు చెప్పింది. మూడో ఏడాది కాలేజీలో కాగితం బందయింది. పాఠాలన్నీ కంప్యూటర్లో పెట్టండి, విద్యార్థులు తమ ఫోన్లలోకి దించుకుంటారు అన్నారు. గంటసేపు శిక్షణ ఇచ్చారు. పేరు మీద నల్లపట్టీ ఎలా గీయాలో నేర్పారు. ఆవిడ శ్రద్ధగా నోట్సు రాసుకుంది. నలభై ఒక్క పేజీల ఫైలు, నూట పదహారు చోట్ల పేరు. మూడు రోజులు కూర్చుని నూట పదహారు పట్టీలు గీసింది. ఫైలు పెట్టాక, పట్టీలు సరిగ్గా కూర్చున్నాయో లేదోనని ఎన్నిసార్లు తెరిచి చూసుకుందో లెక్కలేదు. మార్కరు మరక అంటని చేతులు చూసుకుని కాస్త మురిసింది కూడా, పాపం.

అయిదో వారం మంగళవారం క్లాసు అయిపోయాక ఒకాయన ఆగిపోయాడు. నలభై దాటిన మనిషి, పగలు ఒక పత్రికలో సబ్ ఎడిటరు, సాయంత్రాలు లా చదువుతున్నాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. మీరు కూర్చోండి."

"ఏమైందో చెప్పండి ముందు."

అతను ఫోను తీసి ఆ ఫైలు తెరిచాడు. నల్లపట్టీ మీద వేలు నొక్కి పట్టుకున్నాడు. కాపీ అన్నచోట నొక్కాడు. ఖాళీ చోట అతికించాడు. తెల్లటి తెర మీద ఆ అమ్మాయి పేరు, ఇంటిపేరుతో సహా, మచ్చలేకుండా వచ్చి నిలబడింది.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టీ అంటే దుప్పటి కప్పడమేనని, కింద పేరు అలాగే పడుకుని ఉందని ఎవరూ చెప్పలేదే. లోకంలో అందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషికి ఈ ఒక్కటి చెప్పేవాళ్లు లేకపోయారు.

"ఎవరికి చెప్పారు?" అని అడిగింది.

"ఎవరికీ చెప్పలేదు మేడమ్. నోట్సు రాసుకుందామని ఒక పేరా కాపీ చేస్తే ఇది బయటపడింది. నేను రాయను. మా ఆఫీసులో నోరెత్తను. కానీ నాకు దొరికింది ఇంకొకరికి దొరకదా?" అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం జాతీయ జట్టుకు ఎంపికలు. ఆ అమ్మాయి పరిగెడుతోంది. ఎవరైనా రాయాలనుకుంటే శనివారం దాకా దాచుకుని రాస్తారు. మావాళ్ల సంగతి నాకు తెలుసు కదా."

"కోర్టుకు వెళ్లి ఆపిస్తాను."

అతను ఇబ్బందిగా చూశాడు. "ఆపరేమో మేడమ్. దాచాల్సినవాళ్లే జనం ముందు పెట్టాక అది రహస్యం కాదని మీరే చెప్పారు. రెండో వారం పాఠం."

తన పాఠం తనకే ఎదురొచ్చి నిలబడితే ఏమంటుంది ఎవరైనా.

అక్కడే కాలేజీ పాఠాల పేజీలోంచి ఆ ఫైలు తీసేసింది. తీసేటప్పుడు దాని పక్కన ఒక అంకె కనపడింది, ఎన్నిసార్లు దించుకున్నారో చెప్పే అంకె. డెబ్బై ఒకటి. క్లాసులో ఉన్నది యాభై ఎనిమిది మంది. వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన లెక్క కాదు గానీ ఆవిడ లెక్కపెట్టింది. పదమూడు. ఎవరా పదమూడు?

బుధవారం క్లాసులో యాభై ఎనిమిది మందినీ నిలబెట్టి, ఆ ఫైలు తీసేయమని, అందులోది ఏదీ ఎక్కడా పలకబోమని సంతకాలు చేయించుకుంది. ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి ఎవరికైనా పంపారా అని అడిగింది. లేదన్నారు అందరూ. సంతకాలు యాభై ఎనిమిదే ఉన్నాయి. మిగిలిన ఆ పదమూడుగురు ఆవిడకు ఎక్కడబడితే అక్కడ కనపడసాగారు. బస్సులో ఫోను చూసుకుంటున్న మనిషి నవ్వితే గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి. పొద్దున్నే పేపరు పడిన చప్పుడుకు మంచం మీద లేచి కూర్చునేది. ఆటల పేజీ ముందు భర్త చూసి, ఏమీ లేదని తల ఊపితేనే ఆవిడ గది బయటికి వచ్చేది.

శాఖాధిపతికి చెప్పింది. ఆయన ఆవిడ కంటే పదేళ్లు చిన్న, ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదివాడు. తలుపు వేసి గుసగుసగా మాట్లాడాడు.

"మేడమ్, మీకు రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలు. నోరు మూసుకుని ఉండండి, తప్పుగా అనుకోకండి. ఎవరూ చూసి ఉండరు."

"ఆ పదమూడు ఎవరో కంప్యూటర్ విభాగాన్ని అడిగితే తెలుస్తుంది కదా."

"ఇప్పుడు అడిగితే ఎందుకని అడుగుతారు. అడిగిన మర్నాడు కాలేజీ మొత్తం ఆ ఫైలు కోసమే వెతుకుతుంది. ఆదివారం గడవనివ్వండి, నేనే అడుగుతాను."

ఆ మాటలో న్యాయం ఉంది. అదే ఆవిడను ఇంకా భయపెట్టింది. అడిగితే ఒక భయం, అడక్కపోతే ఇంకో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గురువారం సాయంత్రం అన్నం కెలుకుతూ కూర్చుంటే భర్త కంచం పక్కకు జరిపాడు.

"నీకు దేని గురించి భయం? ఉద్యోగం గురించా, ఆ పిల్ల గురించా?"

"రెండూ. ముందు చెప్తే పరుగు పాడవుతుందేమో. చెప్పకపోతే శనివారం పేపర్లో చూసుకుంటుందేమో. నేను మాటిచ్చాను, మాట పోయిందని నా నోటితో చెప్పొద్దా?"

"మరి చెప్పు."

"చెప్పాక ఏమీ జరగకపోతే?"

ఆయన లేచి, స్టవ్ కట్టేసి ఉందో లేదో తానే చూసొచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే మైదానానికి వెళ్లింది. సంఘానికి తన తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం సంచిలో ఉంది. ఆరుసార్లు చదివింది దాన్ని. అమ్మాయి అప్పుడే రెండు చుట్లు పరిగెత్తి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. ఇప్పుడు ఇరవై రెండేళ్లు, ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. ఆవిడను చూడగానే ముఖం విప్పారింది.

"మేడమ్, మీరా? నా పరుగు చూడ్డానికి వచ్చారా?"

ఆ నవ్వు చూశాక చెప్పడానికి గుండె రాయి చేసుకోవాల్సి వచ్చింది. అయినా చెప్పింది. నల్లపట్టీ సంగతీ, వేలు పెడితే పేరు రావడమూ, యాభై ఎనిమిదీ, పదమూడూ, ఏదీ దాచలేదు. తప్పు తనదేనంది. పేపర్లో వస్తే తానే సంతకం పెట్టి మొత్తం తీర్పు బయట పెడతానంది. అమ్మాయి విన్నంతసేపూ బూటు లేసు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉంది.

"ఆ పదమూడుగురు ఎవరో తెలీదా మేడమ్?"

"తెలీదమ్మా."

"ఇక్కడున్నవాళ్లు కూడా అయ్యుండొచ్చా?"

అమ్మాయి కంచె అవతల ఉన్నవాళ్లను చూసింది. వాకింగుకు వచ్చినవాళ్లు, నీళ్ల సీసాలు పట్టుకున్న కోచ్‌లు, ఫొటోలు తీసుకుంటున్న ఎవరో ఇద్దరు. ఒక్కొక్కరి ముఖం మీదా కాసేపు చూపు నిలిపి, తర్వాతి ముఖానికి వెళ్లింది. తాను బస్సులో ఎలా చూస్తోందో అచ్చం అలాగే చూస్తోందని ఆవిడకు తెలిసిపోయింది. చెప్పినందుకు థాంక్సండీ అని అమ్మాయి మర్యాదగా అంది. ఆవిడ అక్కణ్నుంచి నేరుగా సంఘం ఆఫీసుకెళ్లి ఉత్తరం ఇచ్చేసింది.

శనివారం పేపర్లో ఏమీ రాలేదు. ఆదివారం పేపర్లోనూ రాలేదు.

ఎంపికలకు ఆవిడా భర్తా వెళ్లి పై వరసలో కూర్చున్నారు. ముగ్గురికే చోటు. తుపాకీ మోగింది. మొదటి చుట్టు అమ్మాయి రెండో స్థానంలో నింపాదిగా ఉంది. రెండో చుట్టు సగంలో ముందుకొచ్చింది. ఆఖరి మలుపులో నాలుగడుగుల దూరం సంపాదించింది. భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని, "అయిపోయింది, ఇక ఎవరూ అందుకోలేరు" అన్నాడు. అప్పుడే మలుపు దగ్గర కంచెను ఆనుకున్న ఒక కెమెరా మనిషి గమ్యం వైపు పరిగెత్తాడు. ఎవరు గెలిచినా ఫొటో తీయాలి కదా, అతని పని అది. అతని పక్కవాడు వేలు చూపించి ఏదో అన్నాడు. ఏమన్నాడో దేవుడికెరుక, బహుశా కాస్త పక్కకు జరగమని ఉంటాడు.

అమ్మాయి తల తిప్పింది. వాళ్ల వంక చూసింది.

రెండడుగుల సేపు, అంతకు మించి కాదు. కానీ అడుగు తడబడింది, భుజం వాలింది. వెనకనున్న ముగ్గురూ ఒకరి వెంట ఒకరు దాటేశారు. బోర్డు మీద నాలుగో పేరుగా ఆమె పేరు వెలిగింది, అందరికీ కనపడేలా. ఆవిడ లేచి నిలబడి, ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం శాఖాధిపతి కంప్యూటర్ విభాగం వాళ్లను అడిగి, కాగితం మీద రాయించుకుని వచ్చాడు. మొహంలో ఊరటా ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"మేడమ్, ఆ పదమూడూ మీవే."

"నావా?"

"కాలేజీ కంప్యూటర్ నుంచి అయిదు, మీ ఇంటి కంప్యూటర్ నుంచి ఆరు, మాస్టారి ఫోన్ నుంచి రెండు. అన్నీ మీ పేరు మీదే. మీరు తెరిచి చూసిన ప్రతిసారీ దించుకున్నట్టు పడిందట. బయటివాళ్లు ఒక్కరు కూడా చూడలేదు."

ఆవిడ ఆ కాగితం తీసుకుంది. తేదీలు, సమయాలు అన్నీ ఉన్నాయి. ఏ రోజు ఏ గంటకు భయపడిందో వరసగా రాసి ఉన్నట్టే ఉంది. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. "సరే" అంది. మరోసారి చూడమని అనలేదు.

సంఘంవాళ్లు వారంలో జవాబు రాశారు. విచారణ సభ్యుల జాబితా నుంచి ఆవిడ పేరు తీసేశారు. అది న్యాయమేనని ఆవిడే అంది. క్లాసులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. మళ్లీ ఎంపికలు రెండేళ్లకు గాని లేవు, అప్పటికి ఆ పరుగుకు అమ్మాయి కాళ్లు ఎలా ఉంటాయో ఎవరు చెప్పగలరు.

చెప్పాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకుంది ఈసారి. చివరికి, అమ్మాయి ఇంకా ఆ పదమూడుగురి కోసం ముఖాలు వెతుక్కుంటూ తిరుగుతుంటే ఎలా, కనీసం ఆ భయమైనా తీర్చాలి అనుకుంది. బడికి వెళ్లింది. పిల్లలు వెళ్లిపోయారు. మైదానంలో అమ్మాయి ఒక్కతే బంతులు ఏరి వల సంచిలో వేస్తోంది. ఆవిడ కాగితం చేతికిచ్చి, బయటివాళ్లెవరూ చూడలేదమ్మా, ఆ పదమూడూ నేనే అని చెప్పింది.

అమ్మాయి కాగితం పై నుంచి కింది దాకా చదివింది. మడిచి తిరిగి ఇచ్చేసింది. కోపంగా ఉందేమోనని ఆవిడ ముఖంలోకి చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అయితే ఆ రోజు ఎవరికీ తెలీదన్న మాట" అంది నెమ్మదిగా.

"బయట ఎవరికీ తెలీదమ్మా."

అమ్మాయి సంచి మూతి బిగించి ముడి వేసింది. భుజాన వేసుకోబోయి, ఆగింది.

"పేపర్లో వస్తుందేమోనని ముందే చెప్పారు, అది మంచిదే. ఎవరో ఒకరు చూశారు కాబట్టే తల తిప్పాను అనుకుని సర్దుకుంటున్నాను. ఈ ఒక్క సంగతి మాత్రం మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది మేడమ్."